అరవడానికి అరేబియా దాకా!

మన ఊళ్ళో టికెట్ దొరకలేదని పక్క ఊరికి బండేసుకుని వెళ్ళి, తెల్లవారుజాము షో చూసొచ్చిన వాళ్ళు మీలో చాలామందే ఉంటారు. ఇంట్లో చీవాట్లు తిన్నవాళ్ళూ ఉంటారు. "అదే సినిమా, రెండ్రోజులాగితే ఇక్కడే చూడొచ్చుగా!" అని అమ్మ అంటే జవాబేం చెబుతాం? అభిమానానికి లెక్కలుండవు.

అయితే సినిమా అభిమానికి ఒక సుఖం ఉంది. ఏ ఊళ్ళో చూసినా ఆఖరికి హీరోయే గెలుస్తాడు. మనం ఈల వేసినా వెయ్యకపోయినా క్లైమాక్స్ మారదు. ఫుట్‌బాల్ అభిమానికి ఆ భరోసా లేదు. డబ్బు ఖర్చుపెట్టుకుని, సముద్రం దాటి, పరాయి దేశంలో పరాయి జనం మధ్య కూర్చుని గొంతు చించుకున్నాక కూడా హీరో ఓడిపోవచ్చు. ఓడిపోతాడేమోనని తెలిసే వెళ్ళాలి. దీన్నే ఆ లోకంలో 'ఎవే మ్యాచ్' అంటారు. అంటే మన జట్టు ఎదుటివాళ్ళ గడ్డ మీద ఆడే ఆట అన్నమాట.

యూరప్‌లో ఇదొక పెద్ద తిరనాళ్ళు. గ్లాస్గో నగరానికి చెందిన సెల్టిక్ జట్టు 2003లో యూఈఎఫ్ఏ కప్ ఫైనల్ ఆడటానికి స్పెయిన్‌లోని సెవిల్ వెళితే, వెనకాలే ఎనభై వేల మంది అభిమానులు వెళ్ళారని చెబుతారు. అందులో సగానికి పైగా జనం దగ్గర అసలు టికెట్టే లేదట! పోర్టో చేతిలో సెల్టిక్ 3-2తో ఓడింది. కానీ ఆ ప్రేక్షకులు చూపించిన మర్యాదకి మెచ్చి ఫిఫా వాళ్ళకి ఫెయిర్ ప్లే అవార్డు ఇచ్చింది. జట్టుకి కప్పు రాలేదు, జనానికి బహుమతి వచ్చింది!

ఈ కథలన్నీ చదివి చదివి నాకూ ఒక కోరిక పుట్టింది. ఒక్కసారైనా మన జట్టు వెనకాల అలా వెళ్ళాలి. మన జట్టంటే క్రికెట్ జట్టు కాదండోయ్. ఫుట్‌బాల్ జట్టు. "మనకి ఫుట్‌బాల్ జట్టు ఉందా?" అని నవ్వే మిత్రులకి ఈ వ్యాసం అంకితం.

మూడో మెట్టు

2024 జూన్ 11, మంగళవారం. ఖతార్ రాజధాని దోహాలో ఖతార్, భారత్ జట్ల మధ్య ప్రపంచ కప్ క్వాలిఫైయింగ్ మ్యాచ్. రెండో రౌండ్‌లో మనకి అదే ఆఖరి ఆట.

లెక్క ఇలా ఉంది. నాలుగు జట్ల గ్రూపులో ఖతార్‌కి 13 పాయింట్లు. వాళ్ళు అప్పటికే పై రౌండుకి వెళ్ళిపోయారు. మనకి 5, అఫ్గానిస్తాన్‌కి 5, కువైట్‌కి 4. మిగిలిన ఒక్క సీటు కోసం ముగ్గురి పోటీ. మనం గెలిస్తే చాలు, మూడో రౌండు మనదే. ప్రపంచ కప్ క్వాలిఫైయింగ్ చరిత్రలో భారత జట్టు మూడో రౌండు మెట్టు ఎప్పుడూ ఎక్కలేదు. ఎక్కితే 2027 ఆసియా కప్‌కి కూడా నేరుగా టికెట్ వచ్చినట్టే.

ఎదుటివాళ్ళు సామాన్యులు కాదు. 2019లోనూ, మళ్ళీ 2024 ఫిబ్రవరిలోనూ ఆసియా ఛాంపియన్లు. కాకపోతే వాళ్ళకి ఈ మ్యాచ్‌తో అవసరం తీరిపోయింది కాబట్టి, ఎక్కువగా కుర్రవాళ్ళనే దింపుతున్నారు. ఇంకో మంచి శకునం కూడా ఉంది. 2019 సెప్టెంబర్ 10న ఇదే ఊళ్ళో, ఇదే జస్సిం బిన్ హమద్ స్టేడియంలో మనవాళ్ళు ఖతార్‌ని 0-0తో నిలేశారు. ఆ రోజు గోల్ ముందు గోడలా నిలబడ్డ గుర్‌ప్రీత్ సింగ్ సంధూయే ఈసారి కెప్టెన్.

కెప్టెన్ మారడానికి కారణం మీకు తెలిసే ఉంటుంది. దానికి అయిదు రోజుల ముందు, జూన్ 6న, కోల్‌కతాలో కువైట్‌తో ఆడి సునీల్ ఛెత్రి రిటైరయ్యాడు. ఆ ఆట 0-0గా ముగిసింది. అప్పటికి దేశం తరఫున అతని గోల్స్ 94. అన్నట్టు, ఛెత్రి పుట్టింది ఎక్కడో తెలుసా? మన సికింద్రాబాద్‌లో! 2025లో అతను మళ్ళీ కొన్నాళ్ళు జట్టులోకి వచ్చాడనుకోండి, అది వేరే సంగతి. దోహా నాటికి మాత్రం హీరో లేని సినిమా మనది. అందుకే వెళ్ళాలనిపించింది. హీరో ఉన్న సినిమాకి జనం ఎలాగూ ఉంటారు.

తొక్కు డబ్బాతో విమానం

నన్ను ఏ పత్రికా పంపలేదు. రెండు నెలలు రాసిన వ్యాసాల డబ్బు కూడబెట్టుకుని టికెట్ కొన్నాను. మనవాళ్ళకి ఖతార్ వీసా ముందుగా అక్కర్లేదు. ఆరు నెలల గడువున్న పాస్‌పోర్టు, తిరుగు టికెట్, హోటల్ బుకింగ్ చూపిస్తే విమానాశ్రయంలోనే ముద్ర వేస్తారు. శంషాబాద్ నుంచి దోహాకి నాలుగున్నర గంటల లోపే. గడియారం మాత్రం రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకోవాలి.

నేను వెళుతున్నానని తెలిసి మా వీధి టైలరు గారు పరిగెత్తుకొచ్చారు. ఆయన మేనల్లుడు దోహాలో పనిచేస్తున్నాడు. సొంతూరు జగిత్యాల దగ్గర పల్లె. "మా అక్క పంపింది. పోరడు తొక్కు లేనిదే బుక్క ముట్టడు సారూ" అంటూ కొత్త మామిడికాయ తొక్కు డబ్బా ఒకటి నా చేతిలో పెట్టారు. మూత చుట్టూ ప్లాస్టిక్ కవరు, దాని మీద టేపు, ఆ టేపు మీద మళ్ళీ దారం! ఆ ప్యాకింగ్ చూస్తే మనిషే లోపలున్నాడేమో అనిపించింది.

విమానంలో చూద్దును కదా, నాది ఒక్కటే డబ్బా కాదు. బెల్టు మీద తిరిగిన అట్టపెట్టెల్లో సగం మన ఊళ్ళ పేర్లే. కోరుట్ల, మెట్‌పల్లి, ఆర్మూర్, రాజోలు, రాజంపేట. మార్కర్‌తో లావుగా రాసుకున్న ఆ పేర్లు ఒక్కొక్కటీ వెళుతుంటే, ఆర్టీసీ బస్టాండులో బోర్డులు చదువుతున్నట్టే ఉంది.

బయటికి అడుగు పెట్టాక తెలిసింది అసలు సంగతి. జూన్‌లో దోహా అంటే మన రోహిణి కార్తెకి పెద్దన్నయ్య! ఎండ ఒక ఎత్తయితే, సముద్రం మీంచి వచ్చే ఉక్క ఇంకో ఎత్తు. ఏసీలోంచి బయటికి రాగానే కళ్ళద్దాలు మసకబారిపోయాయి. రెండు నిమిషాల పాటు నాకు ఖతార్ అంతా అవుట్ ఆఫ్ ఫోకస్‌లోనే కనిపించింది.

మెట్రో మాత్రం ముచ్చటగా ఉంది. 2019లో మొదలైంది. ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగుల పేర్లతో మూడు లైన్లు. డ్రైవర్ ఉండడు! మొదటి పెట్టెలో ముందు నిలబడితే సొరంగం మన మీదికే పరిగెత్తుకొస్తుంది. ఎక్కడి నుంచి ఎక్కడికైనా 2 రియాళ్ళు. అప్పటి మారకంలో దగ్గర దగ్గర 46 రూపాయలు.

పాత బజారు సూఖ్ వాఖిఫ్ కూడా చూశాను. మట్టిరంగు గోడలు, ఏలకుల వాసన, కుంకుమపువ్వు కుప్పలు. డేగలు అమ్మే కొట్లున్న సందు ఒకటి. డేగ కళ్ళకి తోలు టోపీ పెట్టి కూర్చోబెడతారు. చూడాల్సిందే. కానీ నేను వచ్చింది బజారు కోసం కాదు కాబట్టి ముందుకు పోదాం.

సనయ్య గదిలో

దోహాలో ఇండస్ట్రియల్ ఏరియాని మనవాళ్ళు 'సనయ్య' అంటారు. అరబ్బీ మాటే. మన నోట్లో మన ఊరి పేరులా అయిపోయింది. వర్క్‌షాపులు, గోడౌన్లు, లారీలు, పనివాళ్ళ క్యాంపులు. కాస్త అవతల ఏషియన్ టౌన్ అని ఉంది. అందులో బజారు, క్రికెట్ స్టేడియం, మన భాషల సినిమాలు ఆడే హాళ్ళు.

తొక్కు డబ్బా పట్టుకుని జూన్ 10 సాయంత్రం అక్కడికి వెళ్ళాను. ఒక గది, ఆరు మంచాలు, పైనా కిందా. అయిదుగురు మనవాళ్ళు, ఒకడు నేపాలీ. నేను వెళ్ళేసరికి ఆరుగురూ ఒక్క ఫోను మీద తలలు పెట్టుకుని ఉన్నారు. ఏమిటా అని చూస్తే 'కల్కి 2898 ఏడీ' ట్రైలర్! ఆ రోజే విడుదలైంది. నేపాలీ తమ్ముడితో సహా అందరికీ ప్రభాస్ కనపడగానే పూనకం. మూడుసార్లు చూశాక గానీ నాకు కూర్చోడానికి చోటివ్వలేదు. సినిమా పత్రికకి రాసేవాణ్ణని తెలిశాక మాత్రం కింది మంచమే నాది!

టైలరు గారి మేనల్లుడికి పాతికేళ్ళుంటాయి. డబ్బా అందుకుని టేపు విప్పలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని, అలాగే మంచం కింద పెట్టెలో దాచాడు.

"రేపు మ్యాచ్‌కి వస్తావా తమ్ముడూ?" అన్నాను.

"అచ్చుడేంది అన్నా, టికెట్ కొని పది దినాలాయె."

"మరి డ్యూటీ?"

డ్యూటీ సంగతి చెప్పాలి. ఖతార్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పొద్దున 10 నుంచి మధ్యాహ్నం 3-30 వరకు ఎండలో పని చేయించకూడదని చట్టం. అంచేత వాళ్ళ పని తెల్లవారకముందే మొదలవుతుంది. క్యాంపు దగ్గరికి బస్సు నాలుగింటికే వస్తుంది. సాయంత్రం మళ్ళీ కొంచెం పని. ఆ సాయంత్రం పనిని నేపాలీ తమ్ముడితో మార్చుకున్నాడు. బదులుగా వచ్చే రెండు శుక్రవారాలు అతని వంట ఇతను చెయ్యాలి!

"ఇంత కష్టపడి ఫుట్‌బాలా? నిన్న క్రికెట్ చూశారుగా?" అని కొంచెం గిల్లాను. అంతకు ముందు రోజే, జూన్ 9న, న్యూయార్క్‌లో టీ20 ప్రపంచ కప్‌లో మనవాళ్ళు పాకిస్తాన్‌ని 6 పరుగుల తేడాతో ఓడించారు. ఆ రాత్రి ఈ గదిలో ఎవరూ నిద్రపోలేదట.

రాజోలు నుంచి వచ్చిన ఆయన, వయసులో అందరికన్నా పెద్ద, పై మంచం మీంచి తల దించి అన్నాడు: "క్రికెట్టు వేరండీ. అది టీవీలో చూసుకోవడమే గానీ, మన జట్టు మా దగ్గరికి వచ్చి ఆడిందేవిటండీ? వచ్చింది ఈళ్ళే కదండీ."

జగిత్యాల తమ్ముడు ఇంకో మాట చెప్పాడు. అతను ఖతార్ వచ్చింది 2019లో. 2022 ప్రపంచ కప్ కోసం కట్టిన స్టేడియాల్లో ఒకదానిలో పనిచేశాడు. "కేబుల్ గుంజినం అన్నా. ఎనిమిది నెలలు. ఏ సీటు కింద ఏ వైరు పోతదో చెప్త. కని ఆ సీట్ల కూసోలే. ఆట షురూ అయినంక టీవీల చూసిన."

"టికెట్ దొరకలేదా?"

"ఇక్కడోళ్ళకు నలభై రియాళ్ళకే పెట్టిండ్రు. కని డ్యూటీ పడ్డది." కాసేపాగి నవ్వాడు. "గప్పుడు ఆడింది మనోళ్ళు కాదు గదన్నా. గిప్పుడు మనోళ్ళే మనమున్న ఊరికి అచ్చిండ్రు. ఇంటికి సుట్టాలస్తె డ్యూటీ ఉన్నదని చెప్తమా?"

నేను నోట్‌బుక్ మూసేశాను. ఎవే మ్యాచ్ అని నేను హైదరాబాద్ నుంచి వెళ్ళాను. ఈ కుర్రాడికి అయిదేళ్ళుగా ప్రతి రోజూ ఎవే మ్యాచే. రేపు ఒక్క సాయంత్రం, తొంభై నిమిషాలు, అతనికి సొంతూళ్ళో ఆట!

రహీం సాబ్ పోయిన రోజు

ఇక్కడ ఒక చిన్న ఫ్లాష్‌బ్యాక్. సినిమా పత్రికలో ఫ్లాష్‌బ్యాక్ లేకపోతే ఎలా?

2024 ఏప్రిల్‌లో అజయ్ దేవగణ్ 'మైదాన్' వచ్చింది. అమిత్ శర్మ దర్శకుడు, ఏ.ఆర్. రెహమాన్ సంగీతం. ఆ కథానాయకుడు మన హైదరాబాదీ. పేరు సయ్యద్ అబ్దుల్ రహీం, ఒకప్పుడు బడిపంతులు. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుని దేశంలోనే మేటిగా తీర్చిదిద్దిన కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. దేశం జట్టుకి ఆయన కోచ్‌గా ఉండగా 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో బంగారం, 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో మళ్ళీ బంగారం.

జకార్తాలో ఏం జరిగిందో తెలిస్తే ఎవే మ్యాచ్ అంటే ఏమిటో అర్థమవుతుంది. ఆతిథ్యమిచ్చిన ఇండోనేషియా ఆ క్రీడలకి ఇజ్రాయెల్‌ని, తైవాన్‌ని రానివ్వలేదు. మన క్రీడాధికారి సోంధీ అది తప్పన్నారు. దాంతో ఊరు ఊరంతా మన మీద మండిపడింది. మన రాయబార కార్యాలయం మీద గుంపు దాడి చేసింది. సెప్టెంబర్ 4న ఫైనల్. లక్ష మంది పట్టే స్టేడియం, మనవాళ్ళ కాలికి బంతి తగిలితే చాలు, వెక్కిరింపులే. ఎదుట దక్షిణ కొరియా. తలకి కుట్లతో దిగిన జర్నైల్ సింగ్ ఒక గోల్, పి.కె. బెనర్జీ ఒక గోల్. 2-1తో మనం గెలిచాం. ఆ జట్టులో సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు, హైదరాబాదీ యూసుఫ్ ఖాన్ ఉన్నాడు.

ఆ జనసముద్రంలో మన జట్టు కోసం అరిచింది ఎవరో తెలుసా? అదే క్రీడలకి వచ్చిన పాకిస్తాన్ హాకీ ఆటగాళ్ళు! మన ఆటగాళ్ళే తర్వాత ఈ మాట చెప్పుకున్నారు. లక్ష మందిలో ఓ పిడికెడు గొంతులు. అరవై ఏళ్ళు గడిచినా ఆ పిడికెడు గొంతుల మాట ఇంకా చెప్పుకుంటూనే ఉన్నాం.

అప్పటికే రహీం సాబ్‌ని క్యాన్సర్ తినేస్తోంది. జకార్తా గెలిచిన తొమ్మిది నెలలకి, 1963లో, ఆయన కన్నుమూశారు. తేదీ జూన్ 11. సరిగ్గా 61 ఏళ్ళ తర్వాత అదే తేదీన మనవాళ్ళు దోహాలో ఆడబోతున్నారు. ఆ రాత్రి హోటల్ గదిలో ఈ లెక్క తట్టాక నాకు చాలాసేపు నిద్ర పట్టలేదు.

ఆటకి వీపు పెట్టిన మనిషి

మ్యాచ్ సాయంత్రం 6-45కి. బంగారు లైన్‌లో అల్ సూదాన్ స్టేషన్ దగ్గర దిగాం. జగిత్యాల తమ్ముడు స్నానం చేసి, తల దువ్వుకుని, ఇస్త్రీ మడత చెదరని నీలం చొక్కా వేసుకొచ్చాడు. రాజోలాయన మెడలో తువ్వాలు. పెళ్ళికొడుకు, పెళ్ళిపెద్ద లాగ ఉన్నారిద్దరూ.

జస్సిం బిన్ హమద్ స్టేడియం అల్ సద్ క్లబ్బు వాళ్ళ సొంత మైదానం. ప్రపంచ కప్ స్టేడియాల పక్కన చిన్నపిల్ల లాంటిది. స్పెయిన్ మహానుభావుడు జావి తన ఆఖరి ఆటలు ఆడింది ఇక్కడి క్లబ్బుకే. చిన్నది కావడం మన అదృష్టం. చిన్న హాల్లో ఈల గట్టిగా వినిపిస్తుంది కదా!

మన వైపు గ్యాలరీ నీలంగా నిండింది. 2017లో మొదలైన 'బ్లూ పిల్‌గ్రిమ్స్' అభిమాన సంఘం జెండాలు కనిపించాయి. మలయాళీలే ఎక్కువ. దోహాలో ఫుట్‌బాల్ అంటే వాళ్ళే ముందు. మా వరసకి నాయకత్వం వహించింది మలప్పురం నుంచి వచ్చిన ఒక టాక్సీ డ్రైవర్. నలభై దాటి ఉంటాయి. రెయిలింగ్ దగ్గర నిలబడి మా వైపు తిరిగాడు. అంటే ఆటకి వీపు!

"మరి మీరు మ్యాచ్ ఎలా చూస్తారు?" అన్నాను హిందీలో.

"మీ మొహాల్లో చూస్తాను" అన్నాడు.

ఇది తమాషాకి అన్నమాట కాదు. ప్రపంచమంతటా ఈ అభిమాన సంఘాల్లో నాయకుడి పని ఇదే. జనం వైపు తిరిగి ఎప్పుడు పాడాలో, ఎప్పుడు చప్పట్లో, ఎప్పుడు నిశ్శబ్దమో అతను చెబుతాడు. ఒకే వరసలో అందరి గొంతూ కలిస్తేనే మైదానం మధ్యలోకి వినపడుతుంది. తలా ఒక అరుపు అరిస్తే అది గోల, అంతే. అతను మాకు అయిదు నిమిషాల్లో పాఠం చెప్పాడు. బంతి మన దగ్గరుంటే పాట. వాళ్ళ దగ్గరుంటే హోరు. మనవాడు పడిపోతే వాడి పేరు. గోల్ పడితే ఎవరిష్టం వాళ్ళది!

జనగణమన మొదలైంది. సినిమా హాల్లో నిలబడి పాడటం వేరు, పరాయి దేశంలో పాడటం వేరు అని అంతకుముందు ఎవరైనా చెబితే నేను నవ్వేవాణ్ణి. పక్కన తమ్ముడి గొంతు మధ్యలో ఆగిపోయింది. నేను అటు చూడలేదు. చూస్తే నాదీ ఆగిపోయేది.

37, 73, 85

మనవాళ్ళు భయపడుతూ ఆడలేదు. అది మొదటి పది నిమిషాల్లోనే తెలిసిపోయింది. 37వ నిమిషంలో ఎడమ వైపు నుంచి బ్రాండన్ ఫెర్నాండెజ్ బంతి అందించాడు. మిజోరం కుర్రాడు లాలియన్‌జువాలా ఛాంగ్తే ఒక్క తాపు. గోల్!

ఆ క్షణం నాకు ఏం జరిగిందో సరిగ్గా గుర్తులేదు. ఎవరో నా మెడ మీద పడ్డారు. రాజోలాయన తువ్వాలు గాల్లో గిరగిరా తిరుగుతోంది. మలప్పురం నాయకుడు అప్పటికీ వెనక్కి తిరిగి చూడలేదు. మా మొహాలు చూస్తూ, రెండు చేతులూ చాచి, గట్టిగా ఏడుస్తున్నాడు.

ఇంటర్వెల్‌లో మనమే ముందు. 1-0. అప్పటికి ఆట ఆగిపోయి ఉంటే మనం మూడో రౌండులో ఉన్నట్టే. ఎవరూ గట్టిగా ఆ మాట అనలేదు, దిష్టి తగులుతుందని.

73వ నిమిషం. వాళ్ళకి ఫ్రీ కిక్. యూసఫ్ ఐమన్ తలతో కొట్టిన బంతిని గుర్‌ప్రీత్ ఆపాడు. బంతి అతని పక్కనుంచి గోల్ లైన్ దాటి బయటికి దొర్లింది. అంటే కార్నర్ కావాలి. కానీ ఖతార్ ఆటగాడు ఒకడు ఆ బంతిని కాలితో లోపలికి లాగాడు, ఐమన్ గోల్లోకి తన్నేశాడు. మనవాళ్ళు రిఫరీ చుట్టూ మూగారు. గోల్ ఖాయమన్నారు. ఆ రౌండు మ్యాచ్‌లకి వీడియో రిఫరీ ఏర్పాటు లేదు. మేమున్న చోటికి ఆ లైను సరిగ్గా కనపడలేదు. రెండు నిమిషాల్లో అందరి ఫోన్లలోనూ ఆ ముక్క తిరిగింది. బంతి బయటికి పోయింది. పిల్లవాడికి కూడా తెలుస్తుంది.

"దాటింది గదన్నా! లైను దాటింది గద!" అని తమ్ముడు నా భుజం పట్టుకుని ఊపేశాడు, తీర్పు చెప్పేది నేనే అయినట్టు.

మా గ్యాలరీలో కోపం పొంగింది. ఒకరిద్దరు చేతిలో నీళ్ళ సీసాలు ఎత్తారు. అప్పుడు చూడాలి ఆ మలప్పురం మనిషిని. రెయిలింగ్ ఎక్కి, బొంగురుపోయిన గొంతుతో "పాట! పాట!" అని అరిచాడు. సీసాలు దిగాయి. పాట లేచింది. అంత మోసపోయామన్న బాధలోనూ పాడినవాళ్ళం మేం. 85వ నిమిషంలో అహ్మద్ అల్ రావి రెండో గోల్ కొట్టాడు. అప్పుడూ పాడాం. కానీ ఈసారి పాటలో ఆశ లేదు, మొండితనం ఉంది.

2-1. అటు కువైట్ 1-0తో అఫ్గానిస్తాన్‌ని ఓడించి ఆ ఒక్క సీటూ తన్నుకుపోయింది.

తర్వాతి సంగతులు మీరు పేపర్లలో చదివే ఉంటారు. మన ఫుట్‌బాల్ సమాఖ్య ఫిర్యాదు చేసింది, విచారణ కావాలంది. స్కోరు మాత్రం మారలేదు. వారం లోపే, జూన్ 17న, కోచ్ ఇగోర్ స్టిమాచ్‌ని తీసేశారు. 2027 ఆసియా కప్ కోసం ఇంకో దారిలో వెళ్ళినా అదీ దక్కలేదు. 2025 నవంబర్ 18న ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలోనూ 1-0తో ఓడాం.

మాలేష్!

ఓడిన జట్టు అభిమానులు స్టేడియం బయటికి ఎలా నడుస్తారో ఎప్పుడైనా చూశారా? ఫ్లాపయిన సినిమా నుంచి బయటికొచ్చే జనం లాగ తిట్టుకుంటూ నడవరు. ఒకళ్ళ చెయ్యి ఒకళ్ళు పట్టుకుని నడుస్తారు. చావింటి నుంచి వస్తున్నట్టు.

గేటు దగ్గర తెల్లటి అంగీ వేసుకున్న ఖతారీ పెద్దాయన ఒకాయన, మనవణ్ణి వెంటబెట్టుకుని వెళుతూ మా దగ్గర ఆగాడు. గుండె మీద చెయ్యి పెట్టుకుని "మాలేష్" అన్నాడు. పోనీలే, ఏమనుకోకండి అని దాని అర్థం. మనవడు తన చేతిలో జెండా జగిత్యాల తమ్ముడికి ఇచ్చాడు. తమ్ముడు ఒక్క క్షణం తటపటాయించి, తన మెడలోని నీలం కండువా తీసి ఆ పిల్లవాడి మెడలో వేశాడు.

మలప్పురం నాయకుడికి గొంతు పూర్తిగా పోయింది. సైగలతో మాట్లాడుతున్నాడు. "తొంభై నిమిషాల్లో మీరు ఎంత ఆట చూశారు?" అనడిగాను. చూపుడు వేలూ బొటనవేలూ దగ్గరగా పెట్టి చూపించాడు. ఇంత! మరి ఆ మనిషి అక్కడికి చూడ్డానికి రాలేదన్నమాట. వినిపించడానికి వచ్చాడు. సినిమా చూసేవాడు ప్రేక్షకుడు. ఇతను ప్రేక్షకుడు కాదు. గెలుపు మన చేతిలో లేనప్పుడు మన చేతిలో మిగిలేది తోడుండటం ఒక్కటే. ఆ ఒక్క పనీ చెయ్యడానికి అతను వచ్చాడు, తమ్ముడు వచ్చాడు, జకార్తాలో ఆ పాకిస్తాన్ హాకీ కుర్రాళ్ళూ అదే చేశారు.

మెట్రోలో నిలబడే మాట్లాడుకున్నాం. క్యాంపుకి చేరేసరికి పది దాటుతుంది. నాలుగింటికి బస్సు. రాజోలాయన లెక్కవేసి "నాలుగ్గంటలు పడుకోవచ్చండీ, చాలు" అన్నాడు. తమ్ముడు మాత్రం అప్పుడే వంట గురించి ఆలోచిస్తున్నాడు. రెండు శుక్రవారాల బాకీ ఉంది కదా! "శుక్రారం నాడు అమ్మ తొక్కు మూత ఇప్పుతనన్నా. నేపాలోనికి గూడ పెడ్త" అన్నాడు. దిగబోతూ అడిగాడు: "మళ్ళెప్పుడస్తరట మనోళ్ళు?"

మీలో ఎవరైనా అలా వెళ్ళాలనుకుంటే రెండు మూడు మాటలు. పాస్‌పోర్టు గడువు ఇప్పుడే చూసుకోండి. ఎండాకాలం అయితే ఓఆర్‌ఎస్ పొట్లాలు పట్టుకెళ్ళండి. హోటల్ మెట్రో స్టేషన్ పక్కనే తీసుకోండి. సామానులో ఒక కిలో బరువు ఖాళీ ఉంచి, ఆ ఊళ్ళో పనిచేస్తున్న మీ వీధివాళ్ళ పిల్లలకి ఏదైనా పట్టుకెళ్ళండి. టికెట్లు మాత్రం ఒకటి కాదు, రెండు కొనండి. డ్యూటీ మార్చుకుని వచ్చేవాడు ఎవడో ఒకడు అక్కడ తప్పకుండా ఉంటాడు.